సంతకం ఇక్కడ ఉండగానే పెట్టండి
విదేశంలో స్థిరపడేవారి ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో సహా వెళ్లిపోతున్నవారివే. అందరూ మొదట అడిగేది సామాను గురించి. మేము మాత్రం సామానును చివరికి పెట్టమంటాం. మీ సంతకం, మీ వేలిముద్ర, మీ ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ కావాల్సిన పనులు హైదరాబాదులో ఉండగా గంటలో అయిపోతాయి. అవే పనులు అక్కడికెళ్లాక నెలలు పడతాయి. కొన్నిటికి విమానం ఎక్కి తిరిగి రావాల్సి వస్తుంది కూడా.

ప్రశ్న: మా ఇద్దరికీ, ఆరేళ్ల పాపకీ కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చింది. అయిదు నెలల టైముంది. ఏది ముందు చేయాలో, ఏది వెనక చేయాలో తేలడం లేదు.
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ పీఆర్ కన్ఫర్మేషన్ కాగితం మీద ఉన్న గడువు తేదీ చూడండి. సాధారణంగా అది మెడికల్ పరీక్ష చేయించుకున్న రోజు నుంచి పన్నెండు నెలలకో, పాస్‌పోర్టు గడువు తీరే రోజుకో, ఏది ముందైతే దానికి సరిపడా వేస్తారు. ముగ్గురివీ విడివిడిగా చూడండి, పాప పాస్‌పోర్టు అయిదేళ్లకే ఇస్తారు కాబట్టి. ఆ తేదీని పొడిగించరు. టికెట్లు, ఇల్లు ఖాళీ చేయడం, ఉద్యోగానికి నోటీసు, అన్నీ ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

తర్వాత ఫోన్ నంబరు. ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్, ఇన్‌కం టాక్స్ అన్నీ దానికే కట్టి ఉంటాయి. మీలో ఎవరిదైనా ఆఫీసు ఇచ్చిన కార్పొరేట్ కనెక్షన్ అయితే ఉద్యోగం మానేలోపే సొంత పేరు మీదికి మార్పించుకోండి. రిలీవ్ అయిన రోజే ఆ సిమ్ ఆగిపోవచ్చు. పోస్ట్‌పెయిడ్ బిల్లు కడుతూ కూర్చోకుండా చిన్న ప్రీపెయిడ్ ప్లానుకు మారి, అంతర్జాతీయ రోమింగ్‌ను ఇక్కడే ఆన్ చేయించి, ఒక ఓటీపీ వస్తోందో లేదో చూసుకోండి. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలేస్తే నంబరు రద్దయి కొన్నాళ్లకు ఇంకొకరికి పోతుంది. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీలు ఎవరికో వెళ్తాయి.

పీఎఫ్ విషయంలో ఎక్కువ మందికి అడ్డం పడేది ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’, అంటే ఉద్యోగం మానిన తేదీ. రికార్డులో ఆ తేదీ ఎక్కకపోతే క్లెయిము ముందుకు కదలదు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) రికార్డులోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఎక్కడైనా తేడా ఉంటే మీరు ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్ చేత దిద్దించండి. శాశ్వతంగా విదేశానికి వెళ్లేవారు మొత్తం డబ్బు తీసుకునే వీలు పీఎఫ్ నిబంధనల్లో ఉంది. అయితే మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

పాప కోసం స్కూలు నుంచి టీసీ, రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు తీసుకోండి. టీకాల కార్డు తెలుగులోనో డాక్టరు గారి చేతిరాతలోనో ఉంటే ఇంగ్లీషులో టైపు చేయించి, టీకా పేరు, తేదీ, డాక్టరు ముద్ర ఉండేలా మరో కాపీ రాయించండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది తట్టు, రుబెల్లాలకు సంబంధించిన ఎంఆర్ టీకా. అందులో గవదబిళ్లలకు రక్షణ లేదు, ఆటలమ్మ టీకా ఆ కార్యక్రమంలోనే లేదు. అంటారియోలో స్కూలు పిల్లలకు గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాల రుజువు కూడా అడుగుతారు. డోసుల మధ్య వారాల ఎడం ఉండాలి కాబట్టి పిల్లల డాక్టరును ఈ నెలలోనే కలవండి.

పళ్ల పని, కళ్లజోళ్లు కూడా ఇక్కడే పూర్తి చేసుకోండి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కార్డుతో పెద్దవాళ్లకు మామూలు పళ్ల వైద్యం అందదు. బ్రిటిష్ కొలంబియాకు వెళ్లేవారికి ఆ కార్డు రావడానికే దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగాలి. ఆ మధ్యకాలానికి ప్రైవేటు ఇన్సూరెన్సు తీసుకోండి. దిగాక పీఆర్ కార్డు పోస్టులో వస్తుంది. దానికోసం అక్కడి చిరునామాను 180 రోజుల్లోపు ఇవ్వాలి.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే గడిలో ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఏది మార్చుకోవాలి?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాస్‌పోర్టును మార్చుకోండి. మెమోను వదిలేయండి. విదేశంలో దిగిన మొదటి రోజు నుంచి మీ బ్యాంకు ఖాతా, లైసెన్సు, పన్ను నంబరు అన్నీ పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే అలాగే పుడతాయి. సర్‌నేమ్ లేకపోతే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత ప్రతి కార్డు మీదా అదే వస్తుంది. ఒకే గడిలో ఉన్న పేరును రెండుగా విడగొట్టమని పాస్‌పోర్ట్ సేవలో రీఇష్యూకి పెట్టుకోవచ్చు.

ఈ పని వీసాకి, పోలీసు క్లియరెన్సుకి ముందే జరగాలి. ఈ క్లియరెన్సు పత్రాన్ని (పీసీసీ) పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. పాస్‌పోర్టు మారితే మళ్లీ 500 రూపాయలు కట్టి మొదటి నుంచి రావాలి. వీసా ఇప్పటికే వచ్చేసి ఉంటే మాత్రం పాస్‌పోర్టు ముట్టుకోకండి, అక్కడికెళ్లాక భారత కాన్సులేట్‌లో మార్చుకోండి.

మెమోలోని పొట్టి పేరుకి, పాస్‌పోర్టులోని పూర్తి పేరుకి ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ చేయించిన అఫిడవిట్ జత చేస్తే చాలా చోట్ల సరిపోతుంది. పిల్లల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటే దాన్ని మాత్రం మీసేవ ద్వారా ఇప్పుడే చేర్పించండి.

ప్రశ్న: ఫ్లాటు అమ్మిన డబ్బు, మ్యూచువల్ ఫండ్లు, పీపీఎఫ్ ఉన్నాయి. వెళ్లేముందే అంతా పంపించేయాలా?
– పాఠకుడు, మియాపూర్

జవాబు: తొందరపడి పంపకండి. ఇక్కడ నివసించేవారిగా ఉండగా పంపే డబ్బుకి ఆర్థిక సంవత్సరానికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. అందులో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్ను వేస్తే అది సర్దుబాటు అవుతుంది, కానీ కొత్త ఊళ్లో అద్దె అడ్వాన్సుకి డబ్బు కావాల్సిన నెలల్లో మీ సొమ్ము ఇక్కడ చిక్కుకుపోతుంది. అదే మీరు ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్‌ఆర్‌ఐల ఇక్కడి ఆదాయం పడే ఖాతా) నుంచి పంపుకుంటే ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు వీలుంది, టీసీఎస్ ఉండదు. పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి. కాబట్టి తొలి ఆరు నెలల ఖర్చుకు సరిపడా పట్టుకెళ్లి, మిగతాది తర్వాత పంపుకోండి. మీకు పీఆర్ ఇచ్చిన దేశం సెటిల్‌మెంట్ నిధులు ఇంత చూపాలని అడిగితే ఆ మొత్తాన్ని మాత్రం తప్పకుండా సిద్ధంగా ఉంచుకోవాలి.

స్థిరపడటానికి వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే వాడటం ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధనలకు విరుద్ధం. దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఇక్కడి అద్దె, డివిడెండ్లు అందులో పడతాయి, వడ్డీ మీద 30 శాతం, ఆపై సెస్ టీడీఎస్ పోతుంది. అక్కడి జీతంలోంచి ఇక్కడికి పంపుకునే డబ్బుకి ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరే తెరవాలి. దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, సొమ్మును ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు. వెళ్లేముందు మీ బ్రాంచికి స్వయంగా వెళ్లి రెండిటి ఫారాలూ నింపి, నమూనా సంతకాలు ఇచ్చి రండి. అమ్మానాన్నలను జాయింటుగా చేర్చాలంటే ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ (మీరున్నంతవరకు మీరు, తర్వాత వారు నడిపే) పద్ధతిలో చేర్చవచ్చు.

ఫండ్లకు కేవైసీలో ఎన్‌ఆర్‌ఐ అని మార్పించి, సిప్‌లను ఎన్‌ఆర్‌ఓకి మళ్లించండి. అమెరికా, కెనడాల్లో ఉండేవారి నుంచి కొత్త పెట్టుబడి తీసుకోని ఫండ్ సంస్థలు కొన్ని ఉన్నాయి, మీవి ఏవో అడిగి తెలుసుకోండి. అమెరికా వెళ్లేవారైతే ఇంకా జాగ్రత్త పడాలి. మన మ్యూచువల్ ఫండ్లను అక్కడి పన్నుల శాఖ ‘పీఎఫ్ఐసీ’ అనే కఠినమైన తరగతిలో పెడుతుంది. ఫండు ఫండుకీ వేరే ఫారం, ఎక్కువ పన్ను. అక్కడి పన్ను నివాసి కాకముందే వాటిని అమ్మాలా వద్దా అన్నది రెండు దేశాల లెక్కలూ తెలిసిన సీఏతో కూర్చుని తేల్చుకోండి.

కెనడా, ఆస్ట్రేలియా వెళ్లేవారికి ఒక మేలుంది. మీరు అక్కడి నివాసి అయిన రోజున మీ ఇక్కడి ఆస్తుల విలువ ఎంతో, చాలావరకు అదే మీ కొనుగోలు ధరగా అక్కడి పన్నుకి లెక్క. అందుకే ఆ తేదీ నాటి ఫండు స్టేట్‌మెంట్లు, ప్లాటుకి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, బంగారం విలువ పత్రం ఫైలులో ఉంచుకోండి. పదేళ్ల తర్వాత అమ్మినప్పుడు ఈ కాగితం లేకపోతే విలువ నిరూపించడం చాలా కష్టం.

పీపీఎఫ్ మూయనక్కర్లేదు. పదిహేనేళ్లు నిండేవరకు నడుపుకోవచ్చు, ఆపై పొడిగింపు మాత్రం ఉండదు.

ఉద్యోగానికి వెళ్తుంటే ప్రయాణం తేదీ మీద కూడా ఓ కన్నేయండి. ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఇక్కడ 182 రోజులు నిండితే ఆ ఏడాదికి మీరు ఇక్కడి పన్ను నివాసే. లెక్క వేస్తే సెప్టెంబరు 28లోపు బయల్దేరినవారికి ఆ ఇబ్బంది ఉండదు. చేతిలో ఉద్యోగం లేకుండా పీఆర్ మీద వెళ్లేవారికి ఈ లెక్క వర్తిస్తుందో లేదో సీఏని అడగండి.

ప్రశ్న: సంగారెడ్డి దగ్గర ఎకరం పొలం, ఉప్పల్‌లో ఇల్లు ఉన్నాయి. తమ్ముడికి జీపీఏ (మా బదులు పనులు చేసే అధికారపత్రం) ఇచ్చి వెళ్దామనుకుంటున్నాం.
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇవ్వండి, కానీ అన్నీ ఒకే కాగితంలో రాయకండి. అద్దె వసూలు, ఆస్తి పన్ను, కరెంటు, రిపేర్లు, కోర్టు పనులకు ఒక పత్రం చాలు. అమ్మకం అధికారం ఇవ్వాలనుకుంటే సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం రాసి, ఆ ఒక్క ఆస్తికే విడిగా స్పెషల్ పవర్ రాయండి. తమ్ముడి మీద అనుమానం ఉండి చెప్పడం కాదు. రేపు బ్యాంకో, కొనేవారి వకీలో చూసినప్పుడు సందేహాలకు తావు ఉండకూడదు. నోటరీతో ఆపకుండా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఇద్దరి ఆధార్, ఫోటోలు, ఇద్దరు సాక్షులు కావాలి. దగ్గరి బంధువులకు ఇచ్చేదానికి స్టాంపు ఖర్చు తక్కువ. ఇచ్చినవారు చనిపోతే ఆ పవర్ కూడా అక్కడితో ఆగిపోతుందని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వీలునామా వేరుగా రాసి ఉంచడం అందుకే.

ఇక్కడ ఉండగా చేయకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపాలి. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. చాలామంది ఈ గడువు దాటించేసి పెనాల్టీ కడుతుంటారు.

పొలం ఉంచుకోవచ్చు. ఇక్కడ నివసిస్తున్నప్పుడు కొన్నది కాబట్టి ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కూడా మీదే. కొత్తగా పొలం కొనడం మాత్రం కుదరదు. అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. వెళ్లేముందు ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో మీ పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చూసి, రెండు ఆస్తులకూ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి.

ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే వెళ్లేముందే అమ్మడం మంచిదని మా అభిప్రాయం. ఇక్కడి నివాసిగా అమ్మితే ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు పట్టుకునే టీడీఎస్ ఒక్క శాతమే. ఎన్‌ఆర్‌ఐగా అమ్మితే రెండేళ్లు దాటిన ఇంటికి 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్. లాభం తక్కువైనా మొత్తం ధర మీద పట్టుకుంటారు. తగ్గించమని ఇన్‌కం టాక్స్ శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ దానికి టైము పడుతుంది, కొనేవారు ఆగరు. అద్దెకిస్తే కిరాయిదారుకు మీరు ఎన్‌ఆర్‌ఐ అని రాతపూర్వకంగా చెప్పండి. అద్దె ఎంతైనా సెస్‌తో కలిపి 31.2 శాతం పట్టుకుని కట్టాల్సింది ఆయనే.

ప్రశ్న: కోడలు వద్దంటున్నా మిక్సీ, కుక్కర్లు, పచ్చళ్లు, దేవుడి మందిరం పంపుదామని ఉంది. టొరంటోకు ఏవి వెళ్తాయి?
– ఒక అమ్మ, మలక్‌పేట

జవాబు: అమ్మా, మన ఇంటి మిక్సీ అక్కడ పనిచేయదు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. కెనడా, అమెరికాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపాలంటే 750 వాట్ల మిక్సీకి దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కావాలి, ఎందుకంటే మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో కరెంటు ఎక్కువ లాగుతుంది. అంత ట్రాన్స్‌ఫార్మర్ బరువే పెట్టెలో సగం తినేస్తుంది. హైదరాబాదులోని షాపుల్లో ఎగుమతి కోసం చేసిన 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు దొరుకుతాయి. అవి కొనండి, జార్లకు అదనపు వాషర్లు, బ్లేడు కప్లర్లు రెండేసి పెట్టండి. లండన్‌కో ఆస్ట్రేలియాకో అయితే ఉన్న మిక్సీకే ప్లగ్గు మారిస్తే చాలు.

కుక్కరు మూడు లీటర్లది ఒకటి, అయిదు లీటర్లది ఒకటి చాలు. అడుగు చదునుగా, ఇండక్షన్‌కు పనికొచ్చేదై ఉండాలి, అక్కడ గ్యాసు పొయ్యి లేని ఇళ్లు చాలా ఎక్కువ. గ్యాస్కెట్లు నాలుగు, సేఫ్టీ వాల్వులు రెండు, ఒక వెయిట్ అదే కంపెనీవి కొనండి, అక్కడ ఆ సైజులు వెతుక్కోవడం కష్టం.

ఆవకాయ, గోంగూర చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచిలో నూనె పచ్చడి రానివ్వరు. సీసా వద్దు. మూత బిగువైన ప్లాస్టిక్ డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ సంచుల్లో పెట్టండి. డబ్బాని నిండుగా నింపితే గాలి ఒత్తిడి మారినప్పుడు నూనె బయటికి తన్నుకొస్తుంది. చికెన్, మటన్ పచ్చళ్లు పంపకండి, మాంసం మీద కట్టడి గట్టిగా ఉంటుంది. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉంది కాబట్టి చెక్‌ఇన్ పెట్టెలో ఉంటే శంషాబాద్‌లోనే తీయించేస్తారు. పవర్ బ్యాంకులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. తిండి పదార్థాలు ఏవి తీసుకెళ్లినా దిగాక ఫారంలో ఉన్నాయని రాయమని పిల్లలకు చెప్పండి. రాసి చూపిస్తే మహా అయితే తీసుకుంటారు, రాయకపోతే జరిమానా వేస్తారు. వేరే దేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవారికి ఇంకో రెండు మాటలు: అమెరికాకు పచ్చి కరివేపాకు నిషేధం. దుబాయ్, సింగపూర్‌లకు గసగసాలు ఒక్క చెంచా కూడా పెట్టకండి, అక్కడ వాటిని మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు.

మందిరం చెక్కది అయితే సముద్రం మీదే మేలు. హైదరాబాదు నుంచి సామాను సనత్‌నగర్ లాంటి ఇన్‌ల్యాండ్ డిపో నుంచో, రోడ్డు మీదనో ముంబై, చెన్నై వైపు ఓడరేవుకు వెళ్తుంది. కొద్ది సామానుకి ఘనపు మీటర్ల లెక్కన ఛార్జీ. ప్యాకింగుకి వాడే చెక్కపెట్టె వేడిచేసి ముద్ర వేసినదై ఉండాలని పట్టుబట్టండి, ముద్ర లేని చెక్కను అక్కడి రేవులో ఆపేస్తారు. పురుగు రంధ్రాలున్న పాత చెక్క అసలు పంపవద్దు.

వెనక వచ్చే ఈ సామానుకు కెనడాలో మొదటిసారి దిగిన రోజే ‘తర్వాత వచ్చే వస్తువులు’ అనే జాబితా, విలువలతో సహా, రెండు కాపీలు అక్కడి కస్టమ్స్‌కి ఇవ్వాలి. అందులో రాయని వస్తువుకు తర్వాత సుంకం పడవచ్చు. నగలకు బరువు, ఫోటో, విలువ ఉన్న పత్రం ఇంగ్లీషులో రాయించండి. వాటిని వేసుకుని మళ్లీ ఇంటికి వచ్చే ఆలోచన ఉంటే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ కూడా తీసుకోమనండి, వచ్చినప్పుడు వాదన ఉండదు.

ప్రశ్న: డిగ్రీకి అపోస్టిల్ అంటున్నారు. దుబాయ్‌కి కూడా అదే చాలా?
– పాఠకుడు, టోలిచౌకి

జవాబు: చాలదు. అపోస్టిల్ (సభ్య దేశాలన్నీ ఒప్పుకునే ధ్రువీకరణ ముద్ర) ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది, కెనడాకు 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ అందులో లేదు. అక్కడికి వెళ్లే డిగ్రీకి రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ ముద్ర వరసగా కావాలి. హైదరాబాదులోనే విదేశాంగ శాఖ బ్రాంచి ఉంది, కాగితాలు గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారా ఇవ్వాలి. పట్టాను లామినేషన్ చేయించి ఉంటే ముద్ర, స్టిక్కరు దాని మీద వేయరు. దాన్ని ఊడదీసే ప్రయత్నం చేయకుండా ఉస్మానియా, జేఎన్‌టీయూ ఏదైతే అది, డూప్లికేటుకు పెట్టుకోండి. వర్సిటీకి వెళ్లిన రోజే సీల్డ్ కవర్లలో ట్రాన్స్‌క్రిప్టులు అయిదారు సెట్లు కూడా అడగండి.

ప్రశ్న: ఒక ఏజెంటు 15 లక్షలిస్తే కెనడా జాబ్ ఆఫర్, దాంతో పీఆర్ పాయింట్లు గ్యారంటీ అంటున్నాడు.
– పాఠకుడు, ఎల్‌బీ నగర్

జవాబు: ఇవ్వకండి. జాబ్ ఆఫర్‌కి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్ల లెక్కన పీఆర్‌కి ఎంపిక చేసే పద్ధతి) ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చి 25 నుంచి కెనడా తీసేసింది. ఆయన అమ్ముతున్నది ఇప్పుడు లేని వస్తువు. కొనుక్కున్న ఆఫర్ దొరికితే అయిదేళ్లు దరఖాస్తు చేసే వీలు లేకుండా నిషేధం పడవచ్చు. సలహాదారు కావాలంటే కెనడాకు అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ రిజిస్టర్‌లో, ఆస్ట్రేలియాకు అక్కడి మైగ్రేషన్ ఏజెంట్ల మారా రిజిస్టర్‌లో పేరు, నంబరు ఉన్నాయో మీరే వెతికి చూడండి. గల్ఫ్ ఉద్యోగమైతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు చూడండి, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి.

ప్రశ్న: రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు అక్కడ పనికొస్తాయా?
– పాఠకుడు, అల్వాల్

జవాబు: మందులు కెనడా, అమెరికాలకు మూడు నెలలకు మించకుండా, మందుల షాపు బిల్లుతో, స్ట్రిప్పుల్లోంచి విడదీయకుండా పట్టుకెళ్లండి. డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు, మోతాదు రాయించండి. అక్కడి డాక్టరు దాన్ని చూసే కొత్త చీటీ రాస్తారు. ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులు గల్ఫ్‌కి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసు పెడతారు.

లైసెన్సు విషయంలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదికే. దానికన్నా ముఖ్యం ఆర్టీఏ నుంచి మీ లైసెన్సు ఎప్పటి నుంచి ఉందో తెలిపే ఎక్స్‌ట్రాక్ట్. అంటారియోలో అనుభవానికి అధికారిక రుజువు ఉంటే నెలల తరబడి ఆగే పని లేకుండా రోడ్డు పరీక్షకు వెళ్లవచ్చు. లైసెన్సు రెన్యువల్ అయి ఉంటే కార్డు మీద కొత్త తేదీ ఒక్కటే కనిపించవచ్చు, కాబట్టి మొదటిసారి ఇచ్చిన తేదీ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉందో లేదో కౌంటరు దగ్గరే చదివి చూసుకోండి. కారు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నో క్లెయిమ్ లెటరు కూడా అడగండి. అక్కడి కంపెనీలన్నీ ఒప్పుకోవు, ఒప్పుకున్నచోట ప్రీమియం తగ్గుతుంది.